నాటి న్యాయం, నేటి బడి

1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం దేశభాషలో ఉన్నతవిద్యకు తలుపు తెరిచింది. గొప్ప పనే; కాని ఆ భాష ఉర్దూ. ఉన్నత పాఠశాలల్లోనూ ప్రధానంగా అదే. తెలుగు రైతుబిడ్డ అక్కడ మొదట నేర్చినది మౌనం. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ఆంధ్రమహాసభ తొలిసారి సమావేశమైంది. ఆ ఉద్యమం మాతృభాషలో విద్య కోరింది.

జోగిపేట నేడు సంగారెడ్డి జిల్లాలోనిది. అదే జిల్లాలోని పటాన్‌చెరు కర్మాగారాలకు ఒడిశా, బీహారులనుంచి కూలీలు వచ్చారు. వారి బిడ్డలకు బడిలోని తెలుగూ, ఇంగ్లీషూ రెండూ పరాయివే. వీలైనంతవరకు మాతృభాషలోనే బోధించాలన్నది 2009 విద్యాహక్కు చట్టం. ఆ ‘వీలైనంత’ చాటున మనం దాక్కోరాదు. ఆ పిల్లవాని చేత పాఠాన్ని ముందు తన భాషలో చెప్పించి, పిదప తెలుగులోకి తేవడానికి నిధులక్కరలేదు. మనమడిగినపుడు న్యాయమైనది, యితరులడిగితే అసౌకర్యమెట్లా అవుతుంది?