నడివయసులో పియానో నేర్చుకోవాలంటే ఏది కొనాలి?

మన సంఘాల్లో చాలాచోట్ల కీబోర్డు వాయించేది ఒక్కరే. ఆ కుర్రవాడు చదువుకో ఉద్యోగానికో ఊరు దాటితే ఆదివారం ఆరాధన డోలకు, తాళాల మీదే నడవాలి. అందుకే నలభై, యాభై ఏళ్ల సహోదరులు, సహోదరీలు తామే నేర్చుకుందామని ముందుకు రావడం సంతోషించవలసిన సంగతి. పాటలు వారికి కంఠతా వచ్చు, తాళం చెవిలో ఉంది. అయితే చాలామంది దుకాణం దగ్గరే తడబడుతున్నారు. ఒక నెల జీతం పోసి తెచ్చిన వాద్యం తమ అవసరానికి తగనిదైతే, మూడు నెలలకే అది అటకెక్కుతుంది. నేర్చుకోవాలన్న కోరిక కూడా దానితోనే అటకెక్కుతుంది. కొనేముందు తెలుసుకోవలసిన ముఖ్య విషయాలను ఇక్కడ అందిస్తున్నాము.

కీబోర్డు వేరు, డిజిటల్ పియానో వేరు

మందిరాల్లో మనం ఎక్కువగా చూసేది 61 మెట్ల కీబోర్డు. దాని మెట్లు తేలిక. వందల రకాల వాద్యాల ధ్వనులు, తాళాలు అందులో ఉంటాయి. పియానోకు 88 మెట్లు: 52 తెల్లవి, 36 నల్లవి. 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో బార్తొలొమియో క్రిస్టోఫొరి తయారుచేసిన ఈ వాద్యంలో మెట్టు నొక్కితే ఒక చిన్న సుత్తి తీగను కొడుతుంది. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలుకుతుంది. డిజిటల్ పియానోలో తీగలు ఉండవు కానీ, ఆ సుత్తి బరువు వేలికి తెలిసేలా మెట్లను తయారుచేస్తారు. ఎడమ వైపు మెట్లు కాస్త బరువుగా, కుడి వైపుకు పోయేకొద్దీ తేలికగా ఉంటాయి. దీనికి శ్రుతి చేయించే పని లేదు. లండన్ ట్రినిటీ కాలేజీ సైతం పియానోకు, ఎలక్ట్రానిక్ కీబోర్డుకు వేర్వేరు పాఠ్యాంశాలతో పరీక్షలు పెడుతుంది.

మీరు వాయించబోయేది ఏమిటి?

కొనుగోలును తేల్చవలసిన ప్రశ్న ఇదే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే ఎన్నో పాటలకు పైన రాగం, తాళం పేర్లు కనిపిస్తాయి. రాగంలో స్వరం ఒకచోటి నుంచి ఇంకొకచోటికి జారుతుంది. కొన్ని కీబోర్డుల్లో స్వరాన్ని అలా జార్చడానికి పిచ్ బెండ్ అనే చక్రం ఉంటుంది. చాలా డిజిటల్ పియానోల్లో అది ఉండదు. కాబట్టి సమాజంతో కీర్తనలు, స్తుతి పాటలు పాడించడమే మీ ఉద్దేశమైతే, వేలి ఒత్తిడిని గుర్తించే 61 మెట్ల మంచి కీబోర్డు చాలు. ఖర్చు కూడా బాగా తగ్గుతుంది.

నాలుగు గొంతుల పాశ్చాత్య కీర్తనలను నొటేషన్ చూసి రెండు చేతులతో వాయించాలన్నా, పియానోనే పద్ధతిగా నేర్చుకోవాలన్నా 88 మెట్ల డిజిటల్ పియానో తీసుకోండి. తేలిక మెట్లకు అలవాటుపడిన వేళ్ళు తరువాత అసలు పియానో దగ్గర అలసిపోతాయి.

దుకాణంలో చూడవలసినవి

మెట్లు: ‘టచ్ సెన్సిటివ్’ అంటే నొక్కిన వేగాన్ని బట్టి ధ్వని మారుతుందని మాత్రమే అర్థం. పియానో బరువు కావాలంటే ‘హ్యామర్ యాక్షన్’ లేదా ‘ఫుల్లీ వెయిటెడ్’ అని ఉందో లేదో చూడాలి. ‘సెమీ వెయిటెడ్’ దానితో సమానం కాదు. యమహా పి-145, రోలాండ్ ఎఫ్‌పి-10, క్యాసియో సిడిపి-ఎస్110 మొదటిసారి కొనేవారి కోసం ఉన్న 88 బరువు మెట్ల రకాలు. ఒక్కొక్కటి 10 నుంచి 13 కిలోల లోపు ఉంటుంది.

పాలిఫొనీ: ఒకేసారి ఎన్ని స్వరాలు మోగగలవో చెప్పే అంకె ఇది. కొత్తగా నేర్చుకునేవారికి 64 సరిపోతుంది. ఈ అంకె కోసం అదనంగా డబ్బు పెట్టవద్దు.

సాకెట్లు: హెడ్‌ఫోన్ సాకెట్ ఉంటే పిల్లలు నిద్రపోయాక కూడా సాధన చేసుకోవచ్చు. మందిరం మైకు సెట్టుకు కలపాలనుకుంటే విడిగా ‘లైన్ అవుట్’ ఉందేమో అడగండి. తక్కువ ధర పియానోల్లో తరచుగా హెడ్‌ఫోన్ సాకెట్ ఒక్కటే ఉంటుంది. వైరు దానికి తగిలిస్తే సాధారణంగా పియానో సొంత స్పీకర్లు ఆగిపోతాయి.

స్టాండు, కుర్చీ, పెడల్: వీటి ధర కలుపుకొనే లెక్క వేసుకోండి. కూర్చున్నప్పుడు మోచేయి మెట్ల ఎత్తుకు రావాలి. భోజనాల బల్ల మీద పెట్టి వాయిస్తే భుజాలు, మణికట్లు నొప్పి పెడతాయి. నడివయసులో చాలామంది మానేయడానికి ఆ నొప్పే చాలు.

పాతది కొంటే: ప్రతి మెట్టునూ ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా నొక్కి చూడండి. ఏదైనా మెట్టు ఒక్కసారిగా పెద్దగా పలికినా, టకటకమని చప్పుడు చేసినా వదిలేయండి. అడాప్టరు ఆ వాద్యానికి సరిపోయే ఓల్టేజీదేనా చూసుకోండి.

ట్రాన్స్‌పోజ్ బటన్ గురించి ఒక మాట

ఒకే స్కేలు నేర్చుకొని, పాడేవారి శ్రుతికి బటన్ నొక్కి సర్దుకోవడం మనవారికి అలవాటు. అత్యవసరంలో అది మేలే. అయితే మొదటి ఏడాదిలోనే కనీసం మూడు స్కేళ్ళు చేతికి రావాలి. లేకపోతే బటన్ లేని పియానో ముందు కూర్చున్న రోజు చేతులు కదలవు.

కొనేముందు ఒక నెల

సోమవారం నుంచి శుక్రవారం వరకు చాలా మందిరాల్లో కీబోర్డు ముసుగు కప్పుకొని ఖాళీగా ఉంటుంది. పాస్టరు గారిని అడిగి, ఒక నెలపాటు రోజుకు 20 నిమిషాలు దాని మీద సాధన చేయండి. తెలిసినవారు ఒకరు మొదట్లో వేళ్ళు పెట్టే తీరు సరిచూస్తే మంచిది. నెల తరువాత కూడా ఆ 20 నిమిషాలు నిలబడితే నిశ్చింతగా కొనండి. నిలబడకపోతే మీ డబ్బు మిగిలినట్టే.

సంఘ పెద్దలకు మా మనవి ఒక్కటే. ఆ ముసుగు తీసి, నేర్చుకోవాలనుకునే పెద్దవారికి వారంలో కొన్ని గంటలు కేటాయించండి. ఇప్పుడు వాయిస్తున్న కుర్రవాడు ఊరు దాటే రోజు రాకముందే ఆ పని జరగాలి.