బిట్‌టొరెంట్ ఆనవాళ్లు: గుర్తింపు, అడ్డగింపు

2001లో బ్రామ్ కోహెన్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ విడుదల చేసిన బిట్‌టొరెంట్, ఫైలును ఒకే సర్వర్ నుంచి అందరూ దించుకునే అలవాటుకు భిన్నంగా, దించుకుంటున్న ప్రతి కంప్యూటరూ తనకు చేరిన ముక్కలను ఇతరులకు పంచే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చింది. చందాదారులు ఎక్కువగా దించుకుంటారని, తక్కువగా పంపుతారని అంచనా వేసి కేబుల్ కంపెనీలు తమ వ్యవస్థలను నిర్మించుకున్నందువల్ల, ఇరుగుపొరుగు ఇళ్లు ఉమ్మడిగా వాడుకునే ఇరుకైన అప్‌లోడ్ మార్గం మీద ఆ పంపకాల భారం పడింది.

బిట్‌టొరెంట్ తొలినాళ్లలో 6881 నుంచి 6889 వరకు గల పోర్టులను, అంటే వచ్చిన సమాచారం కంప్యూటర్‌లోని ఏ ప్రోగ్రాముకు చెందుతుందో తెలిపే సంఖ్యలను, వాడేది కనుక ఆ భారాన్ని అదుపు చేయదలచిన కంపెనీలు దానిని ఆ సంఖ్యలతోనే గుర్తించేవి. వాడుకరులు పోర్టులు మార్చుకోవడంతో, ప్యాకెట్, అంటే నెట్‌వర్క్‌లో ప్రయాణించే సమాచారపు పొట్లం, పైనున్న చిరునామాతో ఆగక లోపలి సమాచారాన్నీ చదివే ‘డీప్ ప్యాకెట్ ఇన్‌స్పెక్షన్’ యంత్రాలు రంగంలోకి దిగాయి. బిట్‌టొరెంట్ సంభాషణ తన పేరు చెప్పుకునే మొదలవుతుంది గనుక వాటి పని తేలికైంది. ఆ పేరు కనిపించకుండా 2006 ప్రాంతంలో ఎన్‌క్రిప్షన్, అంటే సమాచారాన్ని గుప్తలిపిలోకి మార్చే ఏర్పాటు, చేరినా, ముసుగు వేసుకున్న మనిషిని నడకను బట్టి పోల్చుకున్నట్టు, ప్యాకెట్ల పరిమాణాన్ని, వాటి రాకపోకల తీరును, ఒకేసారి తెరుచుకునే కనెక్షన్ల సంఖ్యను బట్టి అంచనా కట్టే మార్గం మిగిలే ఉంది.

గుర్తించిన ట్రాఫిక్‌ను నెమ్మదింపజేయడం సాధారణ పద్ధతి కాగా, అమెరికాలోని కామ్‌కాస్ట్ సంస్థ కనెక్షన్ ముగించాలని కోరే ‘రీసెట్’ సందేశాలను, అవతలి కంప్యూటరే పంపిందని భ్రమ కలిగేలా, మధ్యలో చొప్పించింది. పాతకాలపు బృందగీతాలను పంచుకోబోయిన రాబ్ టొపోల్‌స్కీ అనే నెట్‌వర్క్ నిపుణుడు 2007లో ఈ సంగతి కనిపెట్టగా, అదే ఏడాది అక్టోబరులో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ బైబిల్ ప్రతిని పంపి చూసి దానిని ధ్రువపరచింది. అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 2008 ఆగస్టులో ఈ చర్యను తప్పుపట్టినా, అలా ఆదేశించే అధికారాన్ని కమిషన్ నిరూపించుకోలేకపోయిందని 2010 ఏప్రిల్ 6న వాషింగ్టన్‌లోని అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది.

అయితే తీర్పు వెలువడేనాటికే కామ్‌కాస్ట్, ప్యాకెట్ ఏ ప్రోగ్రాముదన్న విచారణ మానేసి, రద్దీ వేళ అధికంగా వాడుతున్న చందాదారుల ట్రాఫిక్‌కు కొద్దిసేపు ప్రాధాన్యం తగ్గించే విధానానికి మారింది. లోపల ఏముందో చూడకుండానే రద్దీని అదుపు చేయవచ్చునని ఆ సంస్థే ఆచరణలో చూపినందువల్ల, వెనకటి నిఘాకు సాంకేతిక అనివార్యత అనే సమర్థన నిలవలేదు.