ఏటా కరిగిపోయే దారి
క్యూబెక్ స్నోమొబైల్ క్లబ్బుల సమాఖ్య: యాభై ఏళ్ల కథ

కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో స్నోమొబైల్ క్లబ్బుల సమాఖ్య 1974లో పుట్టింది. 2024తో యాభై ఏళ్లు నిండాయి. తీరా పండగ చేసుకోవాల్సిన ఏడాదే మంచు మొహం చాటేసింది. 2023-24 చలికాలం కెనడాలో రికార్డులకెక్కిన వాటన్నిటిలోకీ వెచ్చనిది. దక్షిణ క్యూబెక్‌లో చాలాచోట్ల మంచుదారులు ఇలా తెరిచి అలా మూశారు. చెరువు నిండని ఏడాది తెప్పోత్సవం వచ్చినట్టయింది.

క్లబ్బులవాళ్లు దీనికి దిగులు పడ్డారు గానీ బెంబేలెత్తలేదు. వాళ్లు వేసేది తారు రోడ్డు కాదు. డిసెంబరులో వేస్తే ఏప్రిల్‌కి నీళ్లయిపోయే దారి. మన ఊళ్లలో వరికోతలయ్యాక చేలకు అడ్డంగా బండ్ల బాట పడుతుంది చూడండి, దుక్కులు మొదలవగానే మాయమవుతుంది. అలాంటి బాటే ఇదీ. కాకపోతే 33,000 కిలోమీటర్లు! భూమి చుట్టుకొలతలో ముప్పావు వంతుకు పైమాటే. దీన్ని ఏటా మొదటినుంచీ వేసేది దాదాపు రెండు వందల క్లబ్బులు. ఆ క్లబ్బుల్లో ఎక్కువమంది జీతం లేని మనుషులు. మంచు మీద పరుగెత్తే స్నోమొబైల్ బండి అనగానే మనకు వేగం, రొద, సినిమా ఫైటు గుర్తొస్తాయి. నాకు మాత్రం ఇన్నేళ్లలో అర్థమైంది ఒకటే: బండిని ఒకడు కనిపెట్టాడు, దారిని ఊళ్లన్నీ కలిసి వేశాయి. రెండోదే కష్టమైన పని.

దారి లేక పోయిన ప్రాణం

మాంట్రియల్‌కి తూర్పున వాల్కూర్ అనే చిన్న ఊరుంది. 1922 డిసెంబరు 31న ఆ ఊరి వీధుల్లో పదిహేనేళ్ల కుర్రాడొకడు వింత బండి నడిపాడు. స్లెడ్జి మీద పాత ఫోర్డు కారు ఇంజను, వెనక విమానానికున్నట్టు చెక్క పంకా. ఆ పంకా ఎవరి చెయ్యి నరుకుతుందోనని తండ్రి హడలిపోయి, బండిని వెంటనే విప్పేయమన్నాడు. కుర్రాడి పేరు జోసెఫ్ అర్మాన్ బొంబార్డియర్.

పెద్దవాడై గరాజ్ పెట్టుకున్నాక కూడా మంచుబండి పిచ్చి వదల్లేదు. 1934 చలికాలంలో అతని రెండేళ్ల కొడుక్కి అపెండిసైటిస్ ముదిరింది. రోడ్లన్నీ మంచుతో మూసుకుపోయాయి. పట్నం ఆస్పత్రికి చేర్చే మార్గం లేక బిడ్డ చనిపోయాడు. అప్పటిదాకా సరదాగా ఉన్న పని ఆ తర్వాత పంతమైంది. రబ్బరు పట్టాను పళ్లచక్రం తిప్పే ఏర్పాటుకు 1937లో పేటెంటు వచ్చింది. ఏడుగురు కూర్చునే బి-7 బండి వచ్చింది. డాక్టర్లు, పాదిరీలు, తపాలా సంచులు, బడిపిల్లలు ఆ తరహా బండ్లలోనే తిరిగారు.

1948లో క్యూబెక్ ప్రభుత్వం రోడ్ల మీద మంచు తొలగించి తీరాలని చట్టం చేసింది. ఊళ్లకు దారులు తెరుచుకున్నాయి, బొంబార్డియర్ అమ్మకాలు పడిపోయాయి. రోడ్డు లేక పుట్టిన బండిని రోడ్డే దెబ్బకొట్టింది. ఆయన పెద్ద బండిని పక్కనపెట్టి ఒకరిద్దరు ఎక్కే చిన్న బండి మీద పడ్డాడు. 1959లో వచ్చిన ‘స్కీ-డూ’ అదే. కుక్కల బండికి బదులుగా వాడతారని ‘స్కీ-డాగ్’ అని పేరు పెట్టబోతే అచ్చుతప్పు పడి స్కీ-డూ అయిందని చెబుతారు. మొదటి ఏడాది అమ్ముడైనవి 225. కొద్ది ఏళ్లలోనే ఉత్తర అమెరికా మంచునేలంతా ఆ మోత వినిపించింది. ఆ సందడి పూర్తిగా చూడకుండానే 1964లో ఆయన కన్నుమూశాడు.

క్లబ్బులు ఎందుకు పుట్టాయి

బండ్లు వచ్చాయి, వెనకే తగాదాలూ వచ్చాయి. మంచు కప్పేశాక గట్టేదో, కంచె ఏదో, పొలమేదో, పెరడేదో తెలియదు. కనిపించినంత మేరా దారే అనుకుని జనం తిరిగారు. కంచెలు తెగాయి, లేత మొక్కలు నలిగాయి, రాత్రిపూట ఊళ్లకు నిద్ర లేదు. చీకట్లో తీగకు తగిలినవాళ్లు, సరస్సులో దిగబడ్డవాళ్లు సరేసరి. ఎవరికి వారు తిరిగితే చివరికి ఎవరూ తిరగనివ్వరని అర్థమై ఊరూరా క్లబ్బులు కట్టుకున్నారు. క్లబ్బు మొదట చేసింది పందేలు పెట్టడం కాదు, ‘ఇది దారి, ఇది కాదు’ అని కర్రలు పాతడం.

ఈ బండికి మంచిపేరు తెచ్చిన రోజూ ఒకటుంది. 1971 మార్చి 4న మాంట్రియల్ మీద విరుచుకుపడిన మంచుతుఫానును అక్కడివాళ్లు ‘శతాబ్దపు తుఫాను’ అంటారు. నలభై సెంటీమీటర్లకు పైగా మంచు పడి నగరం స్తంభించిపోయింది. డాక్టర్లను, నర్సులను, రోగులను ఆస్పత్రులకు చేర్చినవి స్నోమొబైళ్లే. ఇంకో మూడేళ్లకు క్లబ్బులన్నీ ఒక గొడుగు కిందికి వచ్చాయి. ఒక క్లబ్బు దారి పక్క క్లబ్బు దారితో కలిసింది, జాతీయ రహదారుల్లా వాటికి నంబర్లు పడ్డాయి.

రైతు గడపలో

క్లబ్బు పని మంచుతో మొదలవదు, శరదృతువులో మొదలవుతుంది. దారిలో చాలా భాగం రైతుల పొలాల మీదుగా, సొంత అడవుల మీదుగా పోతుంది. యజమాని ఒప్పుకోకపోతే బండి అక్కడ అడుగుపెట్టకూడదని చట్టం. అందుకని క్లబ్బు సభ్యులు ఇల్లిల్లూ తిరుగుతారు. నేను ఒకసారి వాళ్ల వెంట వెళ్లాను. రైతు కాఫీ పోసి, గోధుమ చల్లిన మడి చూపించి, “నిరుడు మీవాళ్లు ఈ మూల తొక్కేశారు” అన్నాడు. క్లబ్బు పెద్దాయన వాదించలేదు. దారిని అడవి అంచుకు జరుపుతామని కాగితం మీద గీసి ఇచ్చాడు. రైతు తలూపాడు. ఆ తల ఊపడం మీదే మొత్తం దారి నిలబడి ఉంది. ఒక్క రైతు కాదంటే అటు యాభై కిలోమీటర్లు, ఇటు యాభై కిలోమీటర్లు ఉన్నా మధ్యలో తెగినట్టే. ఆ సంగతి రైతులకూ తెలుసు. ప్రభుత్వంతో పేచీ వచ్చినప్పుడు వాళ్లు తమ పొలాల్లో దారి మూసేసి ఒత్తిడి తెచ్చిన సందర్భాలు ఉన్నాయి.

ఇరుగుపొరుగు ఓపికకూ హద్దుంది. లోరెంషియన్ కొండల్లో పాత రైలుమార్గాన్ని ‘పెటి ట్రైన్ డ్యు నార్’ అనే పార్కుబాటగా మార్చారు. చలికాలంలో దాని మీద ఇళ్లను ఒరుసుకుంటూ స్నోమొబైళ్లు పోయేవి. రొద భరించలేక స్థానికులు కోర్టుకెక్కారు. 2004లో కోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చి, కొంత మేర స్నోమొబైళ్లను ఆపేసింది. క్లబ్బుల చరిత్రలో అదొక చెంపపెట్టు. స్వర్ణోత్సవ వేళ దీన్ని దాచనక్కర్లేదు. పక్కింటివాడి నిద్ర కూడా తమ బాధ్యతేనని క్లబ్బులకు గట్టిగా తెలిసింది అప్పుడే.

రాత్రి పని, పగటి సందడి

మంచు పడగానే దారి కాదు. బండ్లు తిరిగిన కొద్దీ గతుకులు పడతాయి. దాన్ని చదును చేసేది ట్రాక్టరంత యంత్రం. వెనక బరువైన పలక ఈడ్చుకుంటూ మనిషి పరుగెత్తే వేగంతో పోతుంది. ఖరీదు లక్షల డాలర్లలో ఉంటుంది. ఈ పని రాత్రిపూటే చెయ్యాలి. బండ్ల రద్దీ ఉండదు, చలికి చదునైన మంచు తెల్లారేసరికి గట్టిపడుతుంది. ఊరంతా నిద్రపోతుంటే సున్నాకి ఇరవై డిగ్రీలు కింద, హెడ్‌లైటు వెలుగులో ఒక్క మనిషి రాత్రంతా దారి దున్నుతుంటాడు. దారి వాడుకోవడానికి మనం ఏటా కొనే పర్మిట్టు డబ్బులో చాలా భాగం పోయేది ఈ యంత్రం డీజిలుకూ మరమ్మతులకే. పర్మిట్టు లేకుండా దొంగతనంగా తిరిగేవాడు ఎగ్గొట్టేది ఆ మనిషి రాత్రినే.

దారి పక్కన అక్కడక్కడా విడిది ఇళ్లుంటాయి. అక్కడివాళ్లు ‘రిలే’ అంటారు. కట్టెల పొయ్యి, ఎండబెట్టిన చేతితొడుగులు, వేడి బఠానీ సూపు. హెల్మెట్లు తీశాకే ఎవరు డాక్టరో, ఎవరు లారీ డ్రైవరో తెలిసేది, తెలిసినా పట్టించుకునేవాళ్లు లేరు. కొత్తగా వంతెన కట్టాలంటే క్లబ్బు విందు పెడుతుంది, ఊరంతా టికెట్టు కొని తింటుంది. మన పల్లెల్లో రామాలయానికి చందాలేసుకున్న పద్ధతే. చలికాలంలో మూతపడాల్సిన చిన్న హోటళ్లు, పెట్రోలు బంకులు ఈ దారుల వల్లే నడుస్తున్నాయి.

మంచు కింద నీళ్లు

ఈ సమాఖ్య చేసిన పనుల్లో దేనికి ఎక్కువ విలువ కట్టాలంటే, పాతిన గుర్తుకర్రలకు కడతాను. ఈ దారుల్లో తిరిగిన మొదటి ఏడాది, అద్దె బండి తీసుకుని వెళ్లినప్పుడు, గడ్డకట్టిన సరస్సుకి అడ్డంపడి పోతే అరగంట కలిసొస్తుందని నేను బండి తిప్పాను. ముందున్నతను ఆపి, ఒక్క మాటే అన్నాడు. కర్రలున్నంత మేరే దారి అని. అప్పుడు నాకది చాదస్తంగా తోచింది.

2020 జనవరి 21 రాత్రి సాన్-జాన్ సరస్సు దగ్గర ఎనిమిది మంది ఫ్రెంచి పర్యాటకులు, ఒక గైడు గుర్తుపెట్టిన దారి వదిలి మంచుగడ్డ మీద పోతుండగా గడ్డ విరిగింది. సరస్సులోంచి నది బయటికి పారే చోటది. గైడుతో కలిపి ఆరుగురు చనిపోయారు. ఆ సంగతి చదివిన రోజు నాకు ఆ చాదస్తం అర్థమైంది.

కింద నీరు కదిలేచోట గడ్డ పలచగా ఉంటుంది. వాగు కలిసేచోట, వంతెన కింద, ఊటలున్నచోట మరీను. పైన మందంగా పేరుకున్న మంచు కంబళిలా పనిచేసి కింద గడ్డ గట్టిపడకుండా అడ్డుకుంటుంది. అందుకే తెల్లగా నిండుగా కనిపించేదాన్ని నమ్మకూడదు. నీలంగా, స్వచ్ఛంగా ఉన్న గడ్డైతే ఒక మనిషి నడవడానికి 15 సెంటీమీటర్లు, స్నోమొబైల్‌కి 25 సెంటీమీటర్లు కావాలని కెనడా రెడ్‌క్రాస్ లెక్క. తెల్లగడ్డ బలం అందులో సగమే.

పడిపోతే? మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ పరిశోధనల పుణ్యమా అని అందరికీ తెలిసిన లెక్కొకటుంది: 1-10-1. మొదటి 1 నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవాలి, కంగారుపడి నీళ్లు మింగకూడదు. తర్వాతి 10 నిమిషాలు చేతులూ కాళ్లూ మాట వింటాయి, బయటపడాల్సింది ఆలోపే. స్పృహ తప్పడానికి దాదాపు 1 గంట పడుతుంది. అంటే చలి వెంటనే చంపదు, కంగారు చంపుతుంది. వచ్చిన వైపుకే తిరగాలి, ఎందుకంటే అటు గడ్డ మిమ్మల్ని మోసింది. ఇలాంటి ప్రమాదానికని ముందే మెడలో వేసుకున్న మేకుపిడులను గడ్డలో గుచ్చి, కాళ్లు ఈదుతున్నట్టు తన్ని, పొట్ట మీద పైకి జారాలి. లేచి నిలబడకుండా దొర్లుకుంటూ దూరం పోవాలి.

ఇది మనకు పరాయి కథ కాదు. 2022 డిసెంబరు 26న అరిజోనాలోని వుడ్స్ కాన్యన్ సరస్సులో గడ్డ విరిగి మునిగిపోయిన ముగ్గురూ తెలుగువాళ్లే. ఎడారి రాష్ట్రంలోనే అలా జరిగిందంటే మిన్నెసోటాలో, ఒంటారియోలో ఉన్న మన పిల్లలకు ఈ పాఠం ఎంత అవసరమో చెప్పక్కర్లేదు.

కొండ వాలున

గాస్పేజీ ద్వీపకల్పంలో షిక్-షాక్ కొండలున్నాయి. దారి వదిలి ఎత్తులకు ఎగబాకేవాళ్లకు అక్కడ మంచుచరియల భయం ఉంది. ఆ భయం విలువ క్యూబెక్‌కి తెలిసింది 1999 జనవరి 1న. ఉత్తరాన కాంగిక్సువాలుజ్జువాక్ అనే ఇన్యుయిట్ ఊరు బడి వ్యాయామశాలలో కొత్త సంవత్సరం వేడుక చేసుకుంటుండగా పక్క కొండ మీది మంచు వచ్చి పడింది. తొమ్మిది మంది చనిపోయారు, పాతికమంది గాయపడ్డారు. ఆ విషాదం తర్వాతే గాస్పేజీలో మంచుచరియల హెచ్చరిక కేంద్రం వెలిసింది. ఇప్పుడు అవలాంచ్ క్యూబెక్ పేరుతో చలికాలమంతా ప్రమాద స్థాయి ప్రకటిస్తోంది.

చరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలులో. బండెక్కడానికి సరదాగా ఉండేదీ ఆ వాలే. అందుకే ఒకరు ఎక్కుతుంటే మిగతావాళ్లు వాలుకు దూరంగా ఆగి చూడాలి. ప్రతి ఒక్కరి ఒంటిమీద సంకేతాలు పంపే ట్రాన్సీవర్, వీపు సంచిలో పొడవైన గుచ్చుకర్ర, పార ఉండాలి. మంచులో పూడిపోయినవాళ్లను తొలి పది నిమిషాల్లో బయటికి తీస్తే చాలావరకు బతుకుతారు, ఆ తర్వాత ఆశ చప్పున పడిపోతుంది. హెలికాప్టరు వచ్చేలోపు ఆ సమయం అయిపోతుంది. కాపాడేది పక్కనున్నవాడే. పక్కనున్నవాడి పారే.

ముందుమాటకు బదులు చివరిమాట

ఈ యాభై ఏళ్లలో బండ్ల మోత తగ్గింది, చట్టాలు పెరిగాయి, మంచు తగ్గుతోంది. స్వర్ణోత్సవపు చలికాలం ఒక హెచ్చరిక. దారి ఉండే వారాలు ఇంకా తగ్గితే అంత ఖరీదైన యంత్రాన్ని ఏ క్లబ్బు పోషిస్తుంది, ఏ కుర్రాడు రాత్రి పనికి వస్తాడు అన్నవి క్లబ్బులు జవాబు వెతుక్కోవాల్సిన ప్రశ్నలు.

మనవాళ్లు చలికాలం సెలవులకు క్యూబెక్ వెళ్లి ఈ బండెక్కుతున్నారు. ఎక్కండి, తప్పులేదు. పర్మిట్టు కొనండి. ఎటు వెళుతున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంటికి చెప్పి వెళ్లండి. మందు తాగి నడిపితే కారు నడిపినంత నేరమే, గుర్తుంచుకోండి. ఇళ్ల పక్కన నెమ్మదించండి, పొలం గట్టున రైతు కనిపిస్తే చెయ్యెత్తి పలకరించండి. ఎంత చదునుగా, ఎంత తెల్లగా రారమ్మని పిలిచినా, కర్రలు దాటి మాత్రం పోకండి.