నీరుగట్టువారిపల్లె అట్టలు, మన కంప్యూటర్లు

స్వర్ణోత్సవ సంచికకు కంప్యూటర్ల చరిత్ర మీద ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగారు. ఇలాంటి వ్యాసాలు మామూలుగా చైనా పూసల చట్రంతో మొదలై అమెరికాలో ముగుస్తాయి. నేను మాత్రం మదనపల్లె నుంచే మొదలుపెడతాను. కంప్యూటర్‌కు మూలమైన ఆలోచనల్లో ఒకటి మన నీరుగట్టువారిపల్లె పట్టు మగ్గాల మీద వేలాడుతూ ఉండేది. ఆ మగ్గాల ఇళ్ళ నుంచి మన బడికి వచ్చి చదువుకున్నవాళ్ళు ఈ సంచిక చదివేవారిలో చాలామందే ఉంటారు.

ముందు యంత్రం లేని రోజుల మాట. పుంగనూరులో మా అవ్వ బడి ముఖం చూడలేదు. అయినా వీశె 3 అణాలంటే మణుగు రూపాయిన్నర అని ఠక్కున చెప్పేది. 8 వీశెలు ఒక మణుగు, 16 అణాలు ఒక రూపాయి. మూడెనిమిదులు 24 అణాలు, అంటే రూపాయిన్నర. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాక కూడా ఆమె తలలో అణాలే నడిచాయి. ఆ లెక్కల నేర్పంతా ఆమెతోనే పోయింది. లెక్క చేసే పద్ధతిని మనిషి తలలోంచి బయటికి తీసి, ఆ మనిషి లేకపోయినా పని సాగేలా చేయగలమా? కంప్యూటర్ చరిత్రను నేను ఈ ప్రశ్నతోనే చదువుతాను.

ఫ్రాన్స్‌లో పాస్కల్ తండ్రి పన్నుల అధికారి. మన కరణాల్లాగే ఆయనకూ పొద్దస్తమానం కూడికలే. తండ్రి శ్రమ చూసి పాస్కల్ 1642లో పళ్ళచక్రాలతో కూడే యంత్రం మొదలుపెట్టాడు. ఆ యంత్రం కూడేది, తీసివేసేది. ఏది ముందు, ఏది తర్వాత అనేది మాత్రం పక్కనున్న మనిషే చూసుకోవాలి. ఆ వరసను కూడా యంత్రానికే అప్పగించే దారి నేతపనిలో దొరికింది.

అదే దేశంలోని లియాన్ పట్టు నేతకు పేరుపడ్డ ఊరు. అక్కడ పూల డిజైన్లు నేయాలంటే ఒక మనిషి మగ్గం దగ్గర ఉండి, ఏ పోగులు లేవాలో చూసి తాళ్ళు లాగేవాడు. 1804లో జోసెఫ్ మేరీ జాకార్డ్ ఆ పనిని చిల్లుల అట్టలకు అప్పగించాడు. అట్టలో చిల్లు ఉన్నచోట సూది లోపలికి పోతుంది, దాని కొక్కెం పడుగు పోగును పైకెత్తుతుంది. చిల్లు లేనిచోట పోగు కిందే ఉంటుంది. ఒక అట్టకు ఒక పేక. అట్టలను దండలా కుడితే అంచంతా వరసగా దిగుతుంది. అట్టల దండ మారిస్తే అదే మగ్గం మీద వేరే అంచు వస్తుంది.

నా పక్క బెంచీ మిత్రుడి ఇంట్లో ఈ జాకార్డు మగ్గమే ఉండేది. వాళ్ళ నాయన గ్రాఫ్ కాగితం మీద హంసను గీసి, గడి గడికీ రంగు వేసి, ఆ గడుల ప్రకారం అట్టలకు చిల్లులు కొట్టించేవాడు. రంగు గడికి చిల్లు, ఖాళీ గడికి చిల్లు లేదు. ఇంజనీరింగులో ఒకటి, సున్నాల పాఠం విన్నప్పుడు నాకు ఆ గ్రాఫ్ కాగితమే గుర్తొచ్చింది.

ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ అచ్చు పట్టికల్లోని తప్పులతో విసిగి, 1822లో లెక్కల యంత్రం నమూనా చూపించాడు. 1830లలో తలపెట్టిన అనలిటికల్ ఇంజన్‌కు ఆదేశాలు ఇవ్వడానికి జాకార్డు అట్టలనే ఎంచుకున్నాడు. సుమారు 24,000 అట్టలతో పట్టులో నేసిన జాకార్డ్ బొమ్మను ఇంట్లో పెట్టుకుని అతిథులకు చూపేవాడట. ఆ ఇంజన్ పూర్తికాలేదు, ఆలోచన మిగిలింది. 1890లో హెర్మన్ హోలరిత్ చిల్లుల కార్డులతో అమెరికా జనాభా లెక్కలు తేల్చాడు. ఆయన సంస్థ మరికొన్నిటితో కలిసి, 1924లో ఐబీఎం అనే పేరు పెట్టుకుంది.

మన దేశంలో ఈ కథ త్వరగానే మొదలైంది. బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ఆర్. నరసింహన్ నాయకత్వంలో తయారైన టిఫ్రాక్ 1960లో పనిలోకి దిగింది. పశ్చిమ గోదావరికి చెందిన ఎ.ఎస్. రావు గారు సారథిగా 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ ఏర్పడింది. 1969లో అక్కడి నుంచి టీడీసీ-12 వచ్చింది. అంటే నేను పుట్టేనాటికే తెలుగు నేల మీద కంప్యూటర్లు తయారవుతున్నాయి. 1986లో పదో తరగతి పాసై బడి వదిలేనాటికి మాలో ఒక్కరమూ కంప్యూటర్‌ను చూసి ఎరుగం.

మన వైపు అది జనంలోకి వచ్చిన తీరు కుప్పంలో చూడవచ్చు. 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి అక్కడ ఐ-కమ్యూనిటీ ప్రాజెక్టు మొదలుపెట్టాయి. పల్లెల్లో సమాచార కేంద్రాలు వచ్చాయి. అన్నిటికన్నా నాకు నచ్చింది ఫోటోల పని. స్వయం సహాయక సంఘాల మహిళలు డిజిటల్ కెమెరా, సౌరశక్తితో నడిచే చిన్న ప్రింటరు పట్టుకుని ఊళ్ళు తిరిగి, ఫోటోలు తీసి అక్కడికక్కడే అచ్చువేసి ఇచ్చి సంపాదించుకున్నారు. ప్రాజెక్టులకు గడువు ఉంటుంది. నేర్చుకున్న పని మాత్రం ఆ చేతుల్లో ఉండిపోతుంది.

నీరుగట్టువారిపల్లెలోనూ జరిగింది అదే. జాకార్డు ఫ్రాన్సులో పుట్టినా మన ఊళ్ళో నిలిచిందంటే, మనవాళ్ళు దాన్ని నడపడంతో ఆగకుండా సొంత డిజైను గీసి, సొంత అట్ట కొట్టించుకున్నారు కాబట్టే. ఇప్పుడు అట్టల చోట ఎలక్ట్రానిక్ జాకార్డులు వస్తున్నాయి. ఆ పాత గ్రాఫ్ కాగితాలు, అట్టల దండలు అటకల మీద చెదలు పడుతున్నాయి.

అందుకే మన సంఘానికి, మన ఉపాధ్యాయులకు ఒక మనవి. బడిలో కంప్యూటర్ గది ఉంది. పిల్లలు వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాములు చక్కగా వాడుతున్నారు. ఏడాదికి ఒక వారం వాళ్ళకు గ్రాఫ్ కాగితం ఇచ్చి ఒక చీర అంచు గీయిద్దాం. గడులను ఒకట్లు, సున్నాలుగా రాయించి, ఆ అంచు తెర మీద కనిపించేలా వాళ్ళ చేతే ప్రోగ్రాము రాయిద్దాం. పాఠం చెప్పడానికి మగ్గం తెలిసిన పెద్దాయన ఒకరిని పిలుద్దాం. ఇంట్లో పాత అట్టల దండ ఉన్న మిత్రులు ఒక్కటి బడికి ఇవ్వండి. దాన్ని కంప్యూటర్ గది గోడకు వేలాడదీసే ఖర్చు 1986 బ్యాచ్‌ది.