ఫిల్ముపై మచ్చలు - అట్టలోని సాక్ష్యము

ఛాయాచిత్రకళలో ఫిల్ము ఎంత ముఖ్యమో, దానిని తాకియుండు కాగితమును అంతే ముఖ్యము. చుట్టఫిల్ము వెనుకనుండు నల్లకాగితము వెలుతురు నడ్డగించును. విడిఫిల్ముల మధ్య నుంచు అట్ట వానిని వంగనీయదు. ఆ కాగితములో దోషమున్నచో, కెమెరాలో పెట్టకమునుపే ఫిల్ము చెడును. ఇట్టి దోషము నొకదానిని వెదకబోయిన శాస్త్రజ్ఞునకు లోకమెరుగని సత్యమొకటి దొరకిన వృత్తాంతమిది.

1945 శరత్కాలమున అమెరికాలోని ఈస్ట్‌మన్ కోడక్ కంపెనీవారి ఎక్స్‌రే ఫిల్ములను కడిగి చూడగా, వానిపై కారణము తెలియని మచ్చలు కానవచ్చెను. కంపెనీ భౌతికశాస్త్రవేత్త జూలియన్ వెబ్ పరిశోధనకు పూనుకొనిరి. మొదటి అనుమానము రేడియముపై పోయెను. యుద్ధకాలమున రేడియము పూత పూయు కర్మాగారముల చిత్తుకాగితము తిరిగి అట్టగా మారి ఫిల్మును చెరచుట లోగడ జరిగియుండెను. అందుచేతనే కంపెనీ, ముడిసరకు తన అదుపులో నుండు మిల్లులనుండి గడ్డి అట్టను తెప్పించుకొనుచుండెను.

దోషము గల అట్ట ఇండియానా రాష్ట్రమందలి విన్సెన్స్ పట్టణపు మిల్లులో 1945 ఆగస్టు 6న తయారైనది. హిరోషిమాపై అణుబాంబు పడినదియు ఆ తేదీననే. రేడియమైనచో ఆల్ఫా కిరణములు కనబడవలెను. ఈ అట్టలో ముఖ్యముగా బీటా కిరణములే కనబడెను. వాని బలము ఇంచుమించు నెలకొకమారు సగము తగ్గుచుండెను. ఈ లక్షణములనుబట్టి అది సీరియం-141 అని వెబ్ గుర్తించిరి. అణువిచ్ఛేదమున పుట్టు పదార్థమది. ప్రకృతిలో దొరకునది కాదు.

మరి అది అట్టలోనికెట్లు చేరెను? జూలై 16న న్యూ మెక్సికో ఎడారిలో ప్రపంచపు తొలి అణుబాంబును పరీక్షించిరి. ఆ ధూళి గాలితో వేయి మైళ్లకు పైగా పయనించి, వానతో నేలకు దిగి, వాబాష్ నదిలో కలిసెను. మిల్లువారు గడ్డిగుజ్జును కడిగినది ఆ నదీజలముతోనే. వెబ్ ఈ నిర్ణయమును 1949లో ‘ఫిజికల్ రివ్యూ’ పత్రికలో ప్రకటించిరి.

1951లో నెవాడాలో పరీక్షలు మొదలుకాగా, కంపెనీ నెలకొనియున్న రాచెస్టరులో కురిసిన మంచునందును రేడియోధార్మికత కనబడెను. కంపెనీ అభ్యంతరము తెలిపెను. అటుపిమ్మట అణుశక్తి సంఘమువారు పరీక్షల సమాచారమును ఫిల్ము తయారుదారులకు ముందుగా తెలుపసాగిరి. అదే ధూళిలోని అయోడిన్-131 పచ్చికపై పడి, ఆవుపాల ద్వారా పసిపిల్లల కంఠగ్రంథులకు చేరుచుండెను. ఆ తల్లులకు మాత్రము ఎవరును ముందుగా చెప్పలేదు. ఈ వ్యత్యాసము 1997లో అమెరికా సెనేటులో చర్చకు వచ్చెను.

ఒక మచ్చకు కారణమును ఓపికతో వెదకుటవలన ఇంత తెలియవచ్చెను. తెలిసినదానిని ఎవరికి చెప్పవలెనను ప్రశ్నకు మాత్రము ప్రయోగశాల సమాధాన మీయలేదు. అది పాలకుల ధర్మము.