ముడుమాల్ నిలువురాళ్లు: దిశా సిద్ధాంతాల పరిశీలన

ముడుమాల్ నిలువురాళ్లు తెలంగాణలోని నారాయణపేట జిల్లాలో, కృష్ణా నది ఒడ్డున ఉన్న బృహత్ శిలాయుగపు స్మారకాలు. 2025 మార్చిలో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. వీటిలో ఒక రాయిని స్థానికులు ఎల్లమ్మగా కొలుస్తారు.

హైదరాబాద్ విశ్వవిద్యాలయ పురావస్తు శాస్త్రజ్ఞుడు కె.పి. రావు ఇక్కడ విస్తృతంగా పరిశోధించారు. కొన్ని రాళ్ల వరుసలు ఆయనాంతాలలో సూర్యోదయ, సూర్యాస్తమయ దిశలను చూపుతాయని, ఒక బండపై చెక్కిన గుంటలు సప్తర్షి మండలాన్ని పోలి ఉన్నాయని ఆయన ప్రతిపాదన.

ఇలాంటి వాదాన్ని లెక్కతో పరీక్షించవచ్చు. ఈ అక్షాంశంలో (సుమారు 16.4 డిగ్రీలు) సమతల దిగంతంపై ఉత్తరాయణాంత సూర్యోదయం తూర్పుకు దాదాపు 24.5 డిగ్రీలు ఉత్తరంగా కనిపిస్తుంది. 3,500 ఏళ్ల క్రితం ఈ కోణం 25 డిగ్రీలకు దగ్గర. 25 మీటర్ల దూరంలోని మీటరు వెడల్పు రాయి ఒక్కటే చూపులో 2 డిగ్రీలకు పైగా ఆక్రమిస్తుంది. కాబట్టి ఈ అర డిగ్రీ తేడాను బట్టి కాలనిర్ణయం కుదరదు. పైగా 80 రాళ్లుంటే జతలు 3,160. వాటిలో కొన్ని యాదృచ్ఛికంగానే సూర్యోదయ దిశను చూపుతాయి. విడి జతల కన్నా పొడవైన సమాంతర వరుసలే బలమైన సాక్ష్యం.

గీజా పిరమిడ్లను ఓరియన్ నక్షత్ర మండలపు నడికట్టుతో ముడిపెట్టిన రాబర్ట్ బౌవాల్ వాదం ఈ పరీక్షలో మరింత బలహీనం: అక్కడ బిందువులు మూడే. అదే చోట మహా పిరమిడ్ భుజాలు నిజ దిక్కుల నుంచి డిగ్రీలో పదో వంతు కూడా తప్పకపోవడం మాత్రం కొలిచి తేల్చిన విషయం.