గణకయంత్రము - వేడిమి

పల్నాటి వేసవి ఎట్టిదో దుర్గి వాసులకు ఒకరు చెప్పనక్కరలేదు. సమీపమునగల రెంటచింతల ఎండలకు రాష్ట్రమంతట పేరుపడినది. పగలంతయు కాగిన నాపరాతి కప్పు, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట చాలసేపటివరకు ఆ వేడిని గదిలోనికి విడుచుచునే యుండును. ఇట్టి గదిలోని కంప్యూటరు చలికాలమంతయు చక్కగా పనిచేసి, వేసవి రాగానే మాటిమాటికి ఆగిపోయినచో, “మదర్‌బోర్డు పోయినది” అని మూలకు నెట్టుదురు. అది నిజముగా పోయినదా? కంప్యూటరు చరిత్ర తెలిసినవారు అంత తొందరగా తీర్పు చెప్పరు. ఏలయన, ఆ చరిత్రలో సగము వేడిమితో జరిగిన పెనుగులాటయే.

విద్యుత్తు ప్రవహించు తీగలో పుట్టు వేడిమి ప్రవాహపు వర్గమునకును, నిరోధమునకును అనులోమానుపాతముగా ఉండునని జౌల్ 1841లో ప్రకటించెను. ఈ సూత్రమునుండి ఏ యంత్రమును తప్పించుకొనలేదు. 1946లో ఫిలడెల్ఫియాలో ప్రదర్శింపబడిన ఎనియాక్ అను గణకయంత్రములో సుమారు 18,000 శూన్యనాళికలు ఉండెను. అది సుమారు 150 కిలోవాట్ల విద్యుత్తును తీసికొనెడిది. ఆ శక్తి దాదాపు అంతయు తుదకు వేడిగనే మారెడిది. అందుచే దానికి పంకాలతో ఎడతెగక గాలి తోలవలసి వచ్చెను.

1947లో ట్రాన్సిస్టరు పుట్టినది. శూన్యనాళికవలె దీనిలో తంతువును ఎర్రగా కాల్చవలసిన పనిలేదు గనుక ఖర్చగు విద్యుత్తు ఎంతో తగ్గినది. మన దేశమున ఈ విద్యకు హైదరాబాదు ఒక ముఖ్యస్థానమైనది. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో 1914లో జన్మించిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావుగారి నాయకత్వమున 1967లో అచ్చట ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడినది. టీడీసీ-12 అను స్వదేశీ కంప్యూటరు 1969లో ఆ సంస్థనుండియే వెలువడినది. ఆ కాలమున పెద్ద కంప్యూటర్లను చల్లబరచిన గదులలో ఉంచుట ఆచారము.

ట్రాన్సిస్టర్లు చిన్నవై ఒకే సిలికాన్ బిళ్లపై చేరిన కొలది వేడిమి మరల తలయెత్తెను. 1971నాటి ఇంటెల్ 4004 బిళ్లలో 2,300 ట్రాన్సిస్టర్లు. 1989నాటి 80486లో సుమారు 12 లక్షలు. 1993నాటి పెంటియంలో 31 లక్షలు. పెంటియం విడుచు సుమారు 15 వాట్ల వేడిని తీసివేయుటకు రెక్కల లోహపుదిమ్మయు, దానిపై ఫ్యానును మామూలయ్యెను. 2004 నాటికి బొటనవ్రేలి గోరంత బిళ్లనుండి 100 వాట్లకు మించిన వేడి వెలువడసాగెను. ప్రాసెసర్ శక్తివ్యయము దాని వేగమునకును, వోల్టేజి వర్గమునకును అనులోమానుపాతమున పెరుగును. కనుకనే ఆ సంవత్సరమున ఇంటెల్ సంస్థ, ఇంకను వేడెక్కు ఒక క్రొత్త నమూనాను విడిచిపెట్టి, ఒకే బిళ్లపై రెండు మెదళ్లను నడపు మార్గము పట్టెను.

ఇక మన ప్రశ్నకు వత్తము. 65 వాట్ల ప్రాసెసర్‌ను తీసికొనుడు. వాటుకు 0.5 డిగ్రీ చొప్పున దాని ఉష్ణోగ్రత చుట్టునున్న గాలికంటె పెరుగుననుకొన్నచో, భేదము 32.5 డిగ్రీలు. గాలి 30 డిగ్రీలైన ప్రాసెసర్ 62.5, 45 డిగ్రీలైన 77.5. రెండును క్షేమమే. ఇప్పుడు రెక్కల నడుమ దుమ్ము పేరుకొని, వాటుకు 0.9 డిగ్రీ అయినదనుకొందము. భేదము 58.5 డిగ్రీలగును. చలికాలమున 88.5 వద్ద యంత్రము ఎట్లో నెట్టుకొనివచ్చును. వేసవిలో 103.5 అగును. అనేక ప్రాసెసర్లకు 100 డిగ్రీల ప్రాంతమే హద్దు గనుక, అది తన్ను కాపాడుకొనుటకు వేగము తగ్గించుకొనును, లేదా ఆగిపోవును. దోషము చలికాలముననే ఉన్నది. వేసవి దానిని బయటపెట్టినది.

కావున పరీక్షకు గోడ థర్మామీటరు ఒకటి చాలును. బయోస్ తెర చూపు ప్రాసెసర్ ఉష్ణోగ్రతనుండి గది ఉష్ణోగ్రతను తీసివేయుడు. ఈ భేదమును అదే తెరవద్ద, యంత్రము బాగున్న దినములలో ఒకసారి వ్రాసియుంచుకొనవలెను. భేదము మారకున్నచో లోపము గదిది. కిటికీలు తెరచి, యంత్రమును గోడకు దూరముగా జరుపవలెను. భేదము పెరిగినచో లోపము యంత్రములోనిది. అప్పుడు ప్లగ్గు తీసి, కొంతసేపు ఆగి, ఫ్యాను రెక్కను వ్రేలితో ఆపిపట్టి మెత్తని కుంచెతో దుమ్ము దులుపవలెను. ఫ్యాను సులభముగా తిరుగుచున్నదో లేదో చూడవలెను. ప్రాసెసర్‌కు, లోహపుదిమ్మకు నడుమ ఎండిన పేస్టును తుడిచి, క్రొత్తది పలుచగా పూయవలెను. మదర్‌బోర్డుపై కెపాసిటర్ల తలలు ఉబ్బియున్నచో మాత్రము అది మెకానిక్ పని. పవర్ సప్లై పెట్టెను ఎవరును విప్పరాదు. ప్లగ్గు తీసిన పిదపకూడ దానిలో విద్యుదావేశము నిలిచియుండును.

దుర్గి శిల్పులకు రాతిని పరీక్షించుట క్రొత్త గాదు. మంచి శిల్పి ఉలి పెట్టకముందే రాతిని తట్టి, ధ్వని విని, లోన బీట కలదో లేదో గ్రహించును. ఆ ఓర్పునే మన పాఠశాలలలోని కంప్యూటరుపైనను చూపినచో, పారవేయదలచిన యంత్రములలో కొన్నియైనను విద్యార్థులకు మరల దక్కును.